మల్లప్పగడ్డకు పుట్టి ఆపిన రోజులు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఎమ్మిగనూరులోని మా ఇంటికి వస్తుంటారు. బొరుగుల ఉగ్గాని పెట్టి కూర్చోబెడితే, తింటూ తింటూ అడుగుతారు: "మేడమ్, ఫీల్డు ఎట్లుంటుంది?" ఉన్నదున్నట్టు చెబుతాను. సగం మంది ప్లేటు కింద పెట్టేసి, హైదరాబాదులో కుక్కల క్లినిక్కు పెట్టుకోవడమే మేలని నిర్ణయించుకుని పోతారు. మంచిదే. ఇది మిగతా సగం కోసం.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ మీటింగులో ఎవరు శాలువా కప్పారో రాయను. అవి నాకే గుర్తు లేవు. తుంగభద్ర నడుమ ఉన్న ఒక గడ్డ, దానికి పోయే పుట్టి, ఆ పుట్టిని ఆపిన రోజులు మాత్రం బాగా గుర్తున్నాయి. ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ కొద్ది రోజుల్లోనే.

షావుకారి కూతురు

మా నాయన ఆదోనిలో పత్తి వ్యాపారి. నాకు పశువైద్యంలో సీటు వచ్చిందని తెలిసినప్పుడు మా పెద్దమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "షావుకారి కూతురు ఎనుము కడుపులో చెయ్యి పెడతాదంటనా?" అంది, వీధంతా వినబడేట్టు.

"పత్తిలో చెయ్యి పెడితే గింజ వస్తాది పెద్దమ్మా. ఎనుము కడుపులో పెడితే దూడ వస్తాది. ఏది గొప్ప?" అన్నాను.

మా నాయన నవ్వాడు. ఆ నవ్వుతోనే నన్ను పంపించాడు. ఆడపిల్లలారా, ఇంట్లో ఒక్కరు నవ్వితే చాలు, మిగతావాళ్లను పట్టించుకోకండి. ఒక్కరూ నవ్వకపోయినా పోండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా మొదటి అధికారి, "ఊళ్లకు కాంపౌండరు పోతాడులే, నువ్వు ఆస్పత్రిలో ఫ్యాను కింద కూర్చోమ్మా" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. మంచికి చెప్పిన మాటలే ఈ ఉద్యోగంలో మనుషులను ఎక్కువగా చెడగొడతాయి. పశువు ఫ్యాను కిందకు రాదు. మనమే దాని దగ్గరకు పోవాలి.

ఏటి నడుమ

మాధవరం దగ్గర తుంగభద్ర రెండుగా చీలి, మళ్లీ కలుస్తుంది. ఆ చీలిక నడుమ ఉండేదే మల్లప్పగడ్డ. ఉన్నవి కొన్ని ఇళ్లే. ఎక్కువగా గొర్రెలు కాసే కురువ వాళ్లవి. ఇంటికో మంద. ఎండాకాలం బండల మీద అడుగేస్తూ నడిచిపోవచ్చు. పైన డ్యాంలో గేట్లు ఎత్తితే మాత్రం పుట్టి ఒక్కటే దిక్కు. వెదురు బద్దలతో అల్లి, అడుగున తారు పూసిన పట్టా చుట్టిన పెద్ద గుండ్రటి బుట్ట అది. దానికి ముందూ వెనకా ఉండవు. గిరగిర తిరుగుతూ పోతుంది.

దాన్ని నడిపేది ఈరన్న. సన్నటి మనిషి, తలకు తువ్వాలు, నోట్లో మాట తక్కువ. నేను మొదటిసారి ఎక్కినప్పుడు, చీర తడుస్తుందని లేచి నిలబడ్డాను. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. ఈరన్న తెడ్డు ఆపేశాడు.

"డాక్టరమ్మా, పుట్టిలో నిలబడేది నేనొక్కన్నే. మీరు కూసోండి. సీర ఆరుతాది."

కూర్చున్నాను. ఆ తర్వాత ఆ పుట్టిలో నాతోపాటు కాళ్లు కట్టిన మేకపోతులు, ఈనబోయే ఆవు, టీకాల ఐసు పెట్టె, బడిపిల్లలు, పెండ్లికూతురు, అందరూ దాటారు. గడ్డవాళ్లకు ఒడ్డంటే బడి, సంత, ఆస్పత్రి. ఒడ్డువాళ్లకు గడ్డంటే ఏమీ కాదు. ఆ తేడా ఎంత ఉందో దొమ్మరోగం వచ్చిన ఏడు చూశాను.

దొమ్మ

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. ఒకరోజు పొద్దున ఈరన్న ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, గడ్డ మింద జీవాలు సస్తాండాయి. మేస్తా మేస్తానే పడిపోతాండాయి. ముక్కులో నల్లగ నెత్తురు కారతాండాది."

వెంటనే పోయాను. మూడు గొర్రెలు కడుపులుబ్బి పడి ఉన్నాయి. కోయకుండా, చెవి దగ్గర ఒక చుక్క రక్తం మాత్రం గాజు పలక మీద తీసుకుని, ఆస్పత్రికి వచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. వెదురు గణుపుల్లాగా ఒకదాని వెంట ఒకటి అతుక్కుని ఉన్నాయి క్రిములు. దొమ్మరోగం, ఇంగ్లీషులో ఆంత్రాక్స్. గొర్రెను గంటల్లో చంపుతుంది. ఆ గొర్రెను కోసిన మనిషికీ అంటుతుంది. చచ్చిన చోట మట్టిలో ఏళ్ల తరబడి నక్కి ఉంటుంది.

అప్పటి మా పెద్ద అధికారికి ఫోన్ చేసి చెప్పాను. జీవాలు, మాంసం, తోళ్లు గడ్డ దాటకుండా ఆపమని, టీకాలు పంపమని అడిగాను. మొదటి సగం ఆయన నేను అడిగిన దానికంటే ఎక్కువే చేశాడు. సాయంత్రానికల్లా రేవులో ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడ్డారు. గడ్డ నుంచి జీవం కాదు కదా, మనిషి కూడా దాటకూడదని చెప్పారు.

మళ్లీ ఫోన్ చేశాను. "సార్, దొమ్మ మనిషి నుంచి మనిషికి అంటదు. మనుషులను ఎందుకు ఆపారు?"

"మేడమ్, నాకు పాఠాలు చెప్పొద్దు. రేపు ఒడ్డున ఎవరికైనా ఏమైనా అయితే పేపరోళ్లకు జవాబు చెప్పేది నేను."

"టీకాలు ఎవరు వేయాలి సార్?"

"ఏరు తగ్గనీయండి, చూద్దాం."

"ఏరు తగ్గేసరికి ఒక్క గొర్రె కూడా మిగలదు."

"అయితే మీరే పోండి. కానీ పోయినవాళ్లు మళ్లీ ఈ ఒడ్డుకు రావడం ఉండదు, చెబుతున్నా."

భయపెడుతున్నానని అనుకున్నాడు. "సరే సార్, అక్కడే ఉంటాను" అని ఫోన్ పెట్టేశాను.

సున్నం మూటలు

చచ్చిన జీవాలను లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. దానికి ముందు ముక్కు, నోరు దూదితో బిగించాలి, నెత్తురు నేల మీద పడకుండా. ఆదోనిలో నాయన తర్వాత అంగడి చూస్తున్న మా అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఒక మూట దూది పంపు."

"ఏంటికి?"

"సచ్చిన గొర్రెల ముక్కులు మూయనీకి."

మూట దింపమని అంగట్లో ఎవరికో కేకేశాడు. తర్వాత అన్నాడు: "మన అంగడి దూది ఇట్లా గూడా ఉపయోగపడతాదని నాయన అనుకోని ఉండడు. మధ్యాన్నం బండిలో ఏస్తా. నువ్వు జాగ్రత్తగుండు."

దూది వచ్చింది. అడగ్గా అడగ్గా టీకాలూ వచ్చాయి. బట్టీ నుంచి కాల్చిన సున్నం మూటలు తెచ్చుకున్నాను. వాటిని చూసి ఈరన్న మొహం మారింది.

"డాక్టరమ్మా, ఇది తడిస్తే కాగుతాది. ఏటి నడుమ కాగితే పుట్టి అడుగు కాలిపోతాది. మీకు ఈత వచ్చునా?"

"రాదు."

ఆయన పుట్టి అడుగున చెక్కలు పరిచి, వాటి మీద మూటలు పెట్టి, రెండు పట్టాలు కప్పి తాడుతో బిగించాడు. కానిస్టేబుల్ దగ్గరకు వచ్చాడు. నడివయసు మనిషి, చేతిలో లాఠీ, గొంతులో ఇబ్బంది.

"యాడికప్పా?"

"ఆడ నుంచి ఈడికి ఎవురూ రాగూడదని కదన్నా మీకు సెప్పింది? మేము ఈడ నుంచి ఆడికి పోతాండాము" అన్నాడు ఈరన్న.

కానిస్టేబుల్ ఆలోచించి, పక్కకు తప్పుకున్నాడు.

ఏటి నడుమకు వచ్చేసరికి వాన అందుకుంది. నేను పట్టా మీద అడ్డంగా పడుకుని, పైన నా రెయిన్‌కోటు కప్పాను. పుట్టి తిరుగుతోంది. అడుగు నుంచి నీళ్లు ఊరుతున్నాయి. ఉన్నట్టుండి ఒక పక్క నుంచి తెల్లటి పొగ లేచింది. మూటకు చెయ్యి ఆనిస్తే పెనం మీద పెట్టినట్టుంది.

"ఆ మూట తోసెయ్ డాక్టరమ్మా! ఎడమకు! తోసెయ్!"

రెండు చేతులతో తోశాను. ఏట్లో పడి బుసబుసమని పొంగింది. మిగతా మూటలు దక్కాయి. నా కుడి అరచేయి బొబ్బలెక్కింది. ఈరన్న తెడ్డు వేస్తూనే తన తలకున్న తువ్వాలు విప్పి నా మీదికి విసిరాడు. "ముందు దాంతో సున్నం తుడుసుకో, ఊరికే కడిగితే ఇంకా కాలతాది" అన్నాడు. అరచేతిలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని చూసి చెయ్యి చూపించుకోమని సలహా ఇచ్చే జ్యోతిష్కులు కూడా ఉన్నారు.

బసమ్మ కల్లం

గడ్డ మీద అందరికంటే పెద్ద మంద బసమ్మది. మగడు పోయాక ఒక్కతే పెంచుకుంది. నేను దిగేసరికి చచ్చిన గొర్రెలను ఏటి అంచుకు లాగించి, నీళ్లలోకి తోయిస్తోంది.

"ఆపు బసమ్మా. ఏట్లో వేయగూడదు. కింది ఊళ్లు తాగేది ఈ నీళ్లే."

ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది.

"కింది ఊరోళ్లే కదమ్మా మాకు పుట్టి ఆపింది? మా పిల్లోళ్లను బడికి రావద్దన్నది వాళ్లే. వాళ్ల నీళ్ల సంగతి నాకేంటికి?"

ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? అయినా ఒక మాట అన్నాను: "వాళ్ల కోసం వద్దు. గడ్డోళ్లు రోగం పంచినారని వాళ్లు ఇప్పుడు అబద్ధం చెబుతాండారు. ఆ అబద్ధాన్ని నువ్వు నీ చేత్తో నిజం చేస్తావా?"

గొర్రెలను తోస్తున్నవాళ్లను చెయ్యెత్తి ఆపింది. తర్వాత, "యాడ పూడ్సాల?" అని అడిగింది.

ఏరు ఎంత పొంగినా మునగని చోటు కావాలి. గడ్డ మీద అటువంటి ఎత్తు ఒక్కటే, బసమ్మ పంట నూర్చుకునే కల్లం. కల్లం వైపు చూశాను. ఆమే నా చూపు పట్టుకుంది.

"మళ్లీ ఆడ నూర్సుకోవచ్చునా?"

"లేదు. మేపనీకి గూడా కాదు. నీ కాలంలో కాదు, నీ మనవళ్ల కాలంలో కూడా కాకపోవచ్చు."

"నూర్చే గుండు పక్కకు దొర్లించి తవ్వండప్పా" అంది ఆమె, వెనక నిలబడ్డ మగవాళ్లతో.

గొయ్యి తీసి, ముక్కులు బిగించి, సున్నం వేసి పూడ్చాం. బాగున్న జీవాలకు టీకా వేశాను. జ్వరమున్న వాటిని వేరు చేసి పెన్సిలిన్ ఇచ్చాను. టీకా పట్టడానికి రోజులు పడతాయి. ఆలోపల ఇంకా కొన్ని చచ్చాయి. "సూది ఏసినాకనే సచ్చింది" అని ఒకాయన నా ముందే కాండ్రించి ఉమ్మాడు. పిల్లలూ, టీకా వేసిన మరునాడు పశువు చస్తే ఆ పాపం మీ నెత్తికే వస్తుంది. పారిపోకండి. ఆ ఇంటి ముందే కూర్చోండి. నేను బసమ్మ ఇంట్లోనే ఉన్నాను. జొన్నరొట్టె, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి పెట్టేది. ఆమె పెంచిన పొట్టేలు కూడా పోయింది. ఆ పూట కూడా నాకు రొట్టె పెట్టింది.

మారెప్ప చెయ్యి

బసమ్మ తమ్ముడు మారెప్ప, అదే ఇంట్లో ఉంటాడు. నేను పోకముందే, మొదట చచ్చిన గొర్రెను తోలు వృథా పోతుందని ఒలిచాడు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అతను కంబళి కప్పుకుని మూల పడుకుంటే జ్వరమనుకున్నారు. అన్నం తినడానికి చెయ్యి బయట పెట్టినప్పుడు చూశాను. మణికట్టు మీద బొగ్గు ముక్క అతికించినట్టు నల్లటి పుండు. నొప్పి లేదట. మోచేయి దాకా వాచింది.

బసమ్మ నా పెట్టె ముందు కూర్చుంది. "దీంట్లో మందుండాది కదమ్మా. గొర్రెకు ఏసేదే నా తమ్మునికి ఏయి."

"నేను వేయను."

"గొర్రె పాటి సెయ్యడా వాడు?"

ఆ మాట నన్ను కోసింది. అయినా వేయలేదు. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే మీకూ ఈ పరిస్థితి వస్తుంది. ఆ మందు పడని మనిషికి వేస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఆగితే మళ్లీ తెప్పించడానికి నా దగ్గర ఏమీ లేదు, చుట్టూ ఏరు. మనిషికి మనిషి డాక్టరే కావాలి. తెలియని పనికి చెయ్యి పెట్టడం ధైర్యం కాదు. తెలిసిన డాక్టరు దగ్గరకు ఎవరు ఆపినా తీసుకుపోవడమే ధైర్యం.

మా అధికారికి ఫోన్ చేశాను. "ఎవరినీ తీసుకురావద్దు. డాక్టర్ల బృందాన్ని పంపుతాం" అన్నాడు. ఎప్పుడని అడిగితే, "చూస్తున్నాం" అన్నాడు.

ఈరన్న కూడా మాతోపాటు గడ్డ మీదే చిక్కుకుని ఉన్నాడు. "ఈరన్నా, పుట్టి తీస్తావా?" అని అడిగాను. "తీయకపోతే నేను పుట్టోన్ని ఎట్లయితా?" అన్నాడు. మారెప్పను కంబళితో సహా పుట్టిలో కూర్చోబెట్టాం. బసమ్మ తమ్ముని వీపుకు వీపు ఆనించి కూర్చుంది.

మా అధికారికి ఎవరు చెప్పారో, మేము చేరేసరికి జీపు వేసుకుని రేవుకు వచ్చాడు. వెనక జనం. "రానీయొద్దండి!" అని ఎవరో అరిచారు.

"అక్కడే ఆగండి మేడమ్! మీ ఉద్యోగం పోతుంది!"

మోకాలి లోతు నీళ్లలో దిగి, మారెప్ప మంచి చెయ్యి పట్టుకుని దింపాను. "పోతే పోనీండి సార్. ఇన్ని రోజులు ఈయనతో ఒకే ఇంట్లో ఉన్నాను. ఇది మనిషికి మనిషి నుంచి అంటేదైతే ముందు నాకు అంటుండాలి. నన్ను చూడండి. ఇంతకంటే పెద్ద పుస్తకం మీకు నేను చూపించలేను."

"కానిస్టేబుల్! ఆపవయ్యా వాళ్లను!"

అదే నడివయసు కానిస్టేబుల్ నీళ్లలోకి దిగి వచ్చాడు. నేను రెండు చేతులూ ముందుకు చాపాను. "ఆర్డరు దాటినాం అన్నా. పట్టుకోండి. స్టేషన్‌కు తీసుకపోండి. కానీ ఎమ్మిగనూరు ఆస్పత్రి మీదుగా తీసుకపోండి."

ఆయన నా మొహం చూశాడు. మారెప్ప చెయ్యి చూశాడు. వెనక్కి తిరిగి గట్టిగా అన్నాడు: "సార్, వీళ్లను నేను పట్టుకున్నా. ఇంక వీళ్ల పూచీ నాది." జీపు తలుపు తెరిచింది ఆయనే. అది మా అధికారి జీపు అని దారిలో గమనించాను.

ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ. మూతి బిగించి పుండు చూసింది, ఒక్క ప్రశ్న అడిగింది, మందు మొదలుపెట్టింది. "ఇంకా ఆలస్యమైతే రక్తంలోకి పోయేది" అంది. తర్వాత ఆమే పైవాళ్లకు ఫోన్ చేసి, మనుషులను ఆపడం బుద్ధి తక్కువ పని అని తేటతెల్లంగా చెప్పింది. అచ్చం నేను చెప్పిన మాటే. ఆమె చెబితే విన్నారు, నేను పశువుల డాక్టరును కదా. మరునాడు పుట్టి మళ్లీ తిరిగింది. మారెప్ప బతికాడు. గడ్డ మీద చావులు ఆగాయి.

సంజాయిషీ

"ఎవరి అనుమతితో ఏరు దాటారు?" అని నన్ను సంజాయిషీ అడిగారు. "గొర్రెలు ఆవలి ఒడ్డున ఉన్నాయి" అని ఒక్క వాక్యం రాసి పంపాను. హొళగుందకు బదిలీ చేశారు. శిక్ష అనుకున్నారు. అక్కడి రైతులు కన్నడం, తెలుగు కలిపి నాతో పోట్లాడేవాళ్లు. నేనూ రెండు భాషల్లో పోట్లాడడం నేర్చుకున్నాను. బాగా గడిచింది.

ఆ అధికారి చెడ్డవాడేమీ కాదు. లంచగొండి కాదు, తాగుబోతు కాదు. రోగం కంటే పేపరుకు ఎక్కువ భయపడ్డాడు, అంతే. అటువంటి వాళ్లు మీకు చాలామంది తగులుతారు. ఇప్పుడు ఆయన్ని క్షమించానని రాస్తే చదవడానికి బాగుంటుంది. క్షమించలేదు. మారెప్ప చెయ్యి మణికట్టు దగ్గర ఇప్పటికీ పూర్తిగా వంగదు.

చివరి టీకా

దొమ్మ వచ్చిన మట్టిలో ఏటేటా వానలకు ముందే టీకా వేయాలి. ఉద్యోగం చివర్లో నేను మళ్లీ ఆ మండలానికే వచ్చాను. నేను దిగిపోయే ఏడు కొత్త అధికారి, ఈయన మర్యాదస్తుడు, నన్ను పిలిచి అన్నాడు: "ఆ గడ్డ మీద ఏళ్లుగా ఒక్క కేసు కూడా లేదు కదా మేడమ్. ఈసారి ఆ టీకాలు వేరే చోటికి ఇద్దామా?"

"లేదు సార్, ఒక్క కేసు కూడా లేదు. అందుకే పోతున్నాను."

పోయాను. బసమ్మ ముసలిదైంది, మంద మాత్రం మళ్లీ పెరిగింది. ఒక్కో గొర్రెను కాళ్ల నడుమ ఇరికించి పట్టుకుంటే నేను సూది వేశాను. అంతా అయ్యాక చేతులు కడుక్కుంటుంటే అడిగింది:

"వచ్చే ఏడు నువ్వు రావంట కదమ్మా. ఎవురొస్తారు?"

"కొత్త డాక్టరు వస్తాడు."

"రాకపోతే?"

"పుట్టెక్కి ఆస్పత్రికి పో. తలుపు మూసింటే తట్టు."

"తట్టేదేంటికి?" అంది బసమ్మ. "జీవాలన్నిట్నీ పుట్టిలో దాటిచ్చుకోనొచ్చి ఆస్పత్రి నిండా తోలతా. కుర్సీ మింద గొర్రె కూసుంటే ఆయప్పే లేసి సూది తీస్తాడు."

ఈరన్న పక్కనే ఉన్నాడు. "ఎన్నిసార్లయినా దాటిస్తా" అన్నాడు.

ఇద్దరూ అన్నంత పనీ చేస్తారు, నాకు తెలుసు. కొత్తగా చేరబోయే డాక్టర్లూ, వాళ్లు ఈ ఒడ్డుకు రాకముందే మీరే ఆ ఒడ్డుకు పోండి.